మేడమ్ గారి చిన్న కంప్యూటర్‌లో ప్రాసెసర్ లేదు

మా షాపు పేరు నా నోటితో నేనే ఎలా చెడగొట్టుకున్నానో చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వడం మాత్రం తర్వాత.

సూర్యాపేటలో నాది కంప్యూటర్ రిపేర్ షాపు. మా పనిలో కరెంటు షాక్‌కి కూడా అంత భయపడం. "వాడు సామాన్లు మారుస్తడట" అన్న మాటకే మా భయమంతా. అది ఊళ్లో పాకిందంటే షట్టర్ దించుకోవాల్సిందే. కొందరైతే ర్యామ్ మీదా, హార్డ్ డిస్క్ మీదా మార్కర్‌తో సంతకం చేసి మరీ ఇస్తారు.

పోయిన వారం కోదాడ నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్తారట. చేతిలో టిఫిన్ డబ్బా అంత కంప్యూటర్, దాని అడాప్టర్.

"ఆన్ అవ్వట్లేదండీ. ఎల్లుండి వచ్చి తీసుకెళ్తాను. క్లాసులో పిల్లలకి విప్పి చూపించాలి, జాగ్రత్త."

ఆవిడ వెళ్లాక మూత స్క్రూలు తీశాను. ఈలోగా టీ గుర్తొచ్చింది. షాపు చూస్తుండమని పక్కన జిరాక్స్ షాపు యాదగిరన్నకు చెప్పి వెళ్లాను. తిరిగొచ్చి మూత ఎత్తి చూస్తే లోపల ప్రాసెసర్ లేదు. ఫ్యాన్ లేదు. ప్రాసెసర్ కూర్చోబెట్టే సాకెట్ కూడా లేదు. ఒక బోర్డు, దాని మధ్యలో చిన్న నల్ల చిప్పు, అంతే. సాకెట్‌తో సహా ఎవడో పీక్కుపోయాడనుకున్నాను.

"యాదగిరన్నా, నా షాపులకు ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవరు రాలే. నేనే వచ్చి స్క్రూడ్రైవర్ తీస్కపోయిన."

"స్క్రూడ్రైవర్ ఎందుకే?"

"మెషీన్ల కాయితం ఇరికింది. ఏంరా, నన్ను దొంగను చేస్తున్నవా? ఇగ నీ షాపు నువ్వే సూస్కో."

ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు బస్సెక్కి మిర్యాలగూడ పోయి, తెలిసిన షాపులో మంచి ప్రాసెసర్, ఫ్యాన్ తెచ్చాను. తెచ్చాక చూస్తే పెట్టడానికి చోటే లేదు. ఆ ఫ్యాన్ ఒక్కటే మేడమ్ గారి కంప్యూటరంత ఉంది.

అనుకున్న రోజుకి మేడమ్ వచ్చారు. షాపులో ఇంకో ఐదారుగురు ఉన్నారు. భయంలో అదేం పట్టించుకోలేదు. చేతులు కట్టుకుని గట్టిగానే చెప్పేశాను.

"మేడమ్, మీ ప్రాసెసర్ మా షాపుల పోయింది. ఎవరు తీసిండ్రో తెల్వదు. కొత్తది తెచ్చిన, తీస్కోండ్రి."

ఆవిడ కంప్యూటర్‌లోకి చూశారు, తర్వాత నా మొహంలోకి.

"ఇక్కడే ఉంది కదండీ" అంటూ ఆ నల్ల చిప్పు మీద వేలు పెట్టారు. "ప్రాసెసర్, గ్రాఫిక్స్, మెమరీని నడిపే సర్క్యూట్, అన్నీ ఈ ఒక్క చిప్పులోనే ఉండేలా డిజైన్ చేశారు. కరెంటు తక్కువ తీసుకుంటుంది, వేడెక్కదు, ఇంక ఫ్యాన్ ఎందుకు? నేను పిల్లలకి చెప్పబోయే పాఠం ఇదే."

మరి ఆన్ ఎందుకు కాలేదు? అడాప్టర్ చెడిపోయింది. వేరేది పెడితే టక్కున వెలిగింది. మొదటి రోజే చూడాల్సింది, నేను చూడనే లేదు.

ప్రాణం లేచొచ్చింది. ఈ మాట అందరికీ వినిపించాలని వెనక్కి తిరిగితే షాపు ఖాళీ. ప్రాసెసర్ పోయిందని నేననగానే ఎవరి సీపీయూ వాళ్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయారట. మేడమ్ చెప్పిన పాఠం ఒక్కరూ వినలేదు.

ఇవాళ పొద్దున పెన్‌పహాడ్ నుంచి ఒకాయన కీబోర్డు తెచ్చాడు.

"దుమ్ము దులుపు చాలు. నేను ఈడ్నే నిలబడ్త. ఇంటికాడ మీటలు లెక్కపెట్టుకొనే వచ్చిన, నూటనాలుగు ఉన్నయ్."

భయమేసి, విప్పకముందే నేనూ లెక్కపెట్టాను. రెండుసార్లూ నూటమూడే వచ్చాయి.