అక్క పడిపోయిన అసెంబ్లీ

మా చిన్నప్పటి పారమట్టా ఇంట్లో అక్కకు మూర్ఛ వస్తే, అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి తాళంచెవుల గుత్తి అక్క చేతిలో పెట్టేది... ఇనుము తగిలితే తగ్గుతుందని నమ్మకం. అక్క తేరుకున్నాక నా వైపు తిరిగి, "స్కూల్లో ఎవరికీ చెప్పకే... దగ్గరికి కూడా రానివ్వరు" అనేది.

నేను చెప్పలేదు.

ఇయర్ సెవెన్‌లో, అంటే ఏడో క్లాసులో, ఒకరోజు హిస్టరీ మిస్ ప్రాచీన రోమన్ల నమ్మకాలు చెప్పింది. వాళ్ళ సభలో ఎవరైనా మూర్ఛతో పడిపోతే, దేవతలకు ఇష్టం లేదని సభే ఆపేసేవాళ్ళట. ఆ జబ్బుకు పేరే 'సభ జబ్బు' అట. అది తమకు అంటకుండా చుట్టూ ఉన్నవాళ్ళు ఉమ్మేవాళ్ళట...

క్లాసంతా "యక్!" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే స్కూల్ అసెంబ్లీలో, మా పక్క వరసలో నిలబడ్డ అక్క దబ్బున పడిపోయింది.

ప్రిన్సిపాల్ మాట్లాడటం ఆపేశారు. టీచర్లు పరుగెత్తారు. మా క్లాసు కుర్రాడొకడు, "ఇట్స్ ద రోమన్ థింగ్! స్పిట్, క్విక్!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నేల మీద ఉమ్మారు. నా పక్కనున్న ఎమిలీ నన్నే చూస్తూ, "ఈజంట్ షి యువర్ సిస్టర్?" అంది.

తల అడ్డంగా ఊపాను. ఊపి... నేనూ ఉమ్మాను.

అప్పుడే అక్క కళ్ళు తెరిచింది.

ఉమ్మినవాళ్ళకు డిటెన్షన్ పడింది. నా పేరు ఎవరూ చెప్పలేదు. సాయంత్రం అమ్మ, "నువ్వు పక్కనే ఉన్నావా?" అంటే, "లేదమ్మా, బ్యాక్‌లో ఉన్నా" అన్నాను. అక్క తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ కూర్చుంది. మర్నాటి నుంచి స్కూలుకు నాతో కలిసి నడవలేదు.

ఇప్పుడు అక్క పాయింట్ కుక్‌లో ఉంటోంది. మందులతో ఏళ్ళుగా ఫిట్స్ రాలేదు, కారు కూడా నడుపుతోంది. మొన్న వాళ్ళింట్లో ఇద్దరం దుప్పటి మడతపెడుతుంటే, ఆ రోజు నేనూ ఉమ్మానని ధైర్యం చేసి చెప్పేశాను.

"తెలుసే... ఐ సా యూ" అంది. "ఎప్పటికైనా నువ్వే చెప్తావని చూశా. చాలా ఏళ్ళు చూశానే" అంది. నా చేతిలోని కొసలు అందుకుని మడత పూర్తి చేసింది.

ఈ రోజుల్లో స్కూళ్ళలో పిల్లలకే నేర్పుతున్నారు... ఫిట్స్ వస్తే పక్కకు తిప్పాలని, తల కింద జంపర్, అదే స్వెటర్, మడిచి పెట్టాలని. మాకు ఎవరూ నేర్పలేదు అనుకుంటే తేలికే. కానీ 'మా అక్కే' అనడానికి పాఠం కావాలా...

భయపడి మీరూ ఎప్పుడైనా సొంతవాళ్ళను కాదన్నారా? ఇక్కడ కామెంట్ రాసే ముందు, వాళ్ళకు ఫోన్ చెయ్యండి.