ప్రసాద్ బండి ఈసారి ఆగలేదు

నిన్నటి నుంచి ఒకటే ఫోన్లు. "నిజమేనా? మన ప్రసాదేనా? ఆదివారం పూట పిచ్చి జోకులేయకు" అని.

నిజమే. మన ప్రసాదే. టైల్స్ షాపు ప్రసాద్. ఇటాలియన్ బండి ప్రసాద్.

నిన్న పొద్దున పోయాడు.

మీకు ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పారు. నాకు ఎవరూ చెప్పలేదు. నేను వెళ్ళి చూశాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

రైడింగ్ గ్రూప్‌లో కొవ్వొత్తులూ దండాలూ పెడుతున్న పెద్దమనుషులు కాస్త పైకి స్క్రోల్ చేసి, నిన్న పొద్దున ఏం పెట్టారో చూసుకోండి. ఆ తర్వాత ఏడవండి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా.

యాభై దాటాక వీడికి ఇటాలియన్ టూరింగ్ బండి పిచ్చి పట్టింది. ఎర్రగా పెళ్ళికూతురిలా ఉండేది. కొన్నరోజే దుర్గమ్మ గుడి కింద వాహన పూజ. పంతులు గారు హారతి ఇచ్చి, ఇక నిమ్మకాయల మీదుగా పోనివ్వండి అన్నారు.

స్టార్ట్ అవ్వలేదు.

నలుగురం వెనక నుంచి తోసి నిమ్మకాయలు తొక్కించాం. వాడి భార్య ఝాన్సీ కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

అప్పట్నుంచి వాడితో లాంగ్ రైడ్ అంటే మాకు ఫ్రీ కామెడీ షో. సూర్యలంక వెళ్తే బాపట్ల దాటగానే ఆగేది. శ్రీశైలం వెళ్తే ఘాట్ రోడ్డులో ఆగేది. ఒకసారి సెన్సర్, ఒకసారి ఫ్యూయల్ పంప్, ఒకసారి ఏంటో దేవుడికే తెలియాలి. ఆటోనగర్ మేస్త్రి సీటు తీసి, లోపల వైర్లు చూసి, "మన వల్ల కాదండీ" అని సీటు మళ్ళీ పెట్టేశాడు.

"బెజవాడ ఎండ దానికి పడదు రా, అంతే" అనేవాడు ప్రసాద్.

బండి ఆగగానే గ్రూప్‌లో లొకేషన్ పెట్టేవాడు. ఒక్క మాట కూడా రాసేవాడు కాదు, సిగ్గు. మేం నవ్వే స్టిక్కర్లు పెట్టేవాళ్ళం. తర్వాత నా వ్యాన్ వెళ్ళేది.

నాది చేపల వ్యాపారం. కైకలూరు నుంచి చేపలు తెచ్చే వ్యాన్‌లో, ఐసు నీళ్ళలో, ఆ ఎర్ర బండి తాళ్ళతో కట్టించుకుని ఇంటికొచ్చేది. వారం దాకా కంపు వదిలేది కాదు.

పైకి ఎంత వెనకేసుకొచ్చినా, ఆ బండిని వాడే నమ్మేవాడు కాదు. దార్లో టీకి ఆగినా ఇంజిన్ ఆపేవాడు కాదు. సెంటర్ స్టాండ్ వేసి, బండి అలా ఆడుతుంటే పక్కనే నిలబడి తాగేవాడు. వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదని భయం.

వాడికి ఒకటే కోరిక.

"కన్యాకుమారి వెళ్ళి రావాలి రా. నా గేటు ముందు నా బండి మీద నేనే దిగాలి. ఝాన్సీ చూడాలి. నీ వ్యాన్ మాత్రం రాకూడదు."

పోయిన వారం ఒక్కడే బయల్దేరాడు. మదురై నుంచి ఫోటో. కన్యాకుమారి నుంచి ఫోటో. తిరిగొస్తూ నెల్లూరు నుంచి ఫోటో. బండి ఎక్కడా ఆగలేదు. నిజం చెప్పాలంటే మాకు బోర్ కొట్టింది.

నిన్న పొద్దున పెనుమూడి బ్రిడ్జి మీద నుంచి కృష్ణా నది ఫోటో పెట్టి, "టిఫిన్ ఇంట్లోనే" అని రాశాడు.

కాసేపటికి లొకేషన్ వచ్చింది. కూచిపూడి దాటాక, పొలాల మధ్య.

గ్రూప్ ఊగిపోయింది. "గేటు దాకా వచ్చి చచ్చింది రా" అన్నాడు ఒకడు. "చేపలకి తోడు దొరికింది" అన్నాను నేను. ఒక్కడూ ఫోన్ చేయలేదు. నేను ఇడ్లీ తిని, కాఫీ తాగి, డ్రైవర్ నాగేశ్వరరావుని పిలిచి తీరిగ్గా బయల్దేరాను.

వెళ్ళేసరికి బండి సెంటర్ స్టాండ్ మీద ఉంది.

ఇంజిన్ ఆడుతోంది. బ్రహ్మాండంగా ఆడుతోంది.

దాని నీడలో ప్రసాద్, హెల్మెట్ తలకింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది. పిలిస్తే పలకలేదు.

పక్క చేలో కలుపు తీస్తున్న ఆమె గట్టెక్కి వచ్చింది. "చాలాసేపట్నించి పడుకున్నారండీ. బండి స్టార్టింగ్‌లోనే ఉంది గదా, ఇప్పుడే లేచెళ్తారనుకున్నామండీ."

బండి ఆగి ఉంటే ఎవరో ఒకరు వచ్చి ఏమైందని అడిగేవాళ్ళు. ఆడుతున్న బండి పక్కన పడుకున్నవాణ్ణి ఎవరు లేపుతారు?

ఆమె భర్త వ్యాన్‌లో వాణ్ణి పట్టుకుని కూర్చున్నాడు. ముందు నేను ఆ బండి మీదే హారన్ కొట్టుకుంటూ దారి చేశాను. ఉయ్యూరు హాస్పిటల్లో డాక్టర్ గారు చూసి, గుండె ఆగి చాలాసేపైంది, తీసుకెళ్ళండి అన్నారు.

అక్కణ్ణుంచి ఇంటికి కూడా అదే వ్యాన్. ఐసు పెట్టెలు జరిపి, బండిని కట్టే తాళ్ళ పక్కనే వాణ్ణి పడుకోబెట్టాం. ఈసారి నేను వెనక వచ్చాను. ఝాన్సీకి ఫోన్ చేసి చెప్పే ధైర్యం రాలేదు.

ఆమె గేటు తీసి నిలబడి ఉంది. వ్యాన్ చూడగానే నవ్వేసింది.

"ఇంటి ముందుకొచ్చి ఆగిందా అన్నయ్యా!" అంది.

అప్పుడు వ్యాన్ వెనక నుంచి బండి మీద నేనొచ్చాను.

బండిని చూసింది. నన్ను చూసింది. వ్యాన్ తలుపు వైపు చూసింది.

ఇంక రాయలేను.

లాంగ్ టూరింగ్‌కి ఇటాలియన్ బండ్లు పనికొస్తాయా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నాం కదా. పనికొస్తాయి. కన్యాకుమారి వెళ్ళొచ్చింది. దార్లో ఒక్కసారి దగ్గలేదు. సంతోషమా అందరికీ?

ప్రసాద్, నీ గేటు ముందు ఇంజిన్ నేనే ఆపాను రా. అది మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదో నీకింక అనవసరం.

హాయిగా పడుకో.