కత్తి కింద తల

అక్షరాలు నేను యాభై దాటాక నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం రాగానే వారపత్రికల్లో మా సీమవాళ్ళ మీద జోకులు కనబడ్డాయి. అన్నీ బాంబులు, కత్తులే. వీటికి కోపం తెచ్చుకోవాలా వద్దా అని చదువుకున్నవాళ్ళు వాదించుకుంటారు. నేను క్షవరం చేసి బతికినవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను.

ఎనభైల మొదట్లో తిరుపతి కొండ మీద మొక్కు తలలు గీసేవాణ్ణి. నా మాట మీదే మేస్త్రీ మా బామ్మర్దిని పనిలో పెట్టుకున్నాడు. వాడికి పని వచ్చు, ఓర్పు లేదు. యాత్రికులెవరైనా ఫిర్యాదు చేస్తే మర్నాడే ఇంటికి పంపిస్తానని మేస్త్రీ ముందే చెప్పాడు.

ఒక పొద్దున గోదావరి వైపు నుంచి వచ్చిన లావాటి మనిషి వాడి ముందు కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య. నెత్తి తడిపినప్పటి నుంచీ ఆయన నోరు ఆగలేదు.

"మీ సీమోళ్ళు పొద్దున్నే ఎవడో ఒకణ్ణి ఏసేత్తేగానీ కాఫీ ముట్టరంట కదండీ? తమరు ఈ పూట తాగారా, ఇంకా లేదా?"

వరసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అప్పటికి సగం తలే అయింది. మా వాడు కత్తి కింద పెట్టేశాడు.

"బావా, నేను గీయను. ఇంగొకర్ని సూసుకోమను."

"రేయ్, సగం గుండుతో యాడికి పోతాడురా ఆ మనిషి? కత్తి తీసుకో."

"తలలు నరికేవాడని ఎక్కిరిస్తాంటే ఎట్ల గీసేది?"

మేస్త్రీ ఇటే చూస్తున్నాడు. ఆవిడే ముందుకు వంగింది.

"ఏమనుకోకు బాబూ. ఈయనకి కత్తంటే చచ్చేంత భయం. గెడ్డం గీయించుకోవాలన్నా పక్కన నేను నిలబడాలి. భయమేస్తే ఇలాగే వాగుతారు."

ఆయన చేతులు చూశాను. మోకాళ్ళను గట్టిగా పట్టుకున్నా వణుకుతున్నాయి. బామ్మర్దీ చూశాడు. కత్తి తీసుకున్నాడు.

"మా పక్క ఒక్క దెబ్బతో పానం పోతాది సామీ. మీ పక్క తిను తిను అని పెట్టి పెట్టి సంపుతారంట గదా. ఆ సావు నాకొద్దబ్బా!"

ఆవిడ పకపకా నవ్వింది. ఆయనకీ పొట్ట అదిరేలా నవ్వొచ్చింది.

"నవ్వొద్దు సామీ, నెత్తిన కత్తి ఉండాది!"

తల మన చేతికిచ్చి అన్న మాటకు నాకు కోపం రాదు. తిరుపతిలో కాదు, వేరే ఊళ్ళో ఇల్లు అద్దెకడిగితే, సీమవాడివా అని ఇదే జోకు వేసి తలుపు మూసినవాడు ఒకడున్నాడు. వాడి మీద కోపం ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా.

పని అయ్యాక ఆయన గుండు తడిమి అరచెయ్యి చూసుకున్నాడు. రక్తం లేదు. లేచి నేరుగా మేస్త్రీ దగ్గరికి నడిచాడు. మా వాడి వైపు వేలు చూపించాడు. ఫిర్యాదే అనుకున్నాను.

"ఆ అబ్బాయి చెయ్యి బలే తేలికండీ. స్నానాలెటేపు?"

బామ్మర్ది నా భుజం మీద చెయ్యేశాడు.

"ఒకణ్ణి ఏసేసినాం గదా బావా. ఇంగ కాఫీ తాగుదాం పా."