బిక్షమ్మ చెప్పని తొవ్వ

పోచంపల్లిలో బిక్షమ్మ ముందు ఎవరైనా ఇద్దరి పేర్లు ఎత్తడం అంత మంచిది కాదు. చీరల నేతకు దారం పోసే ఆసు ముందు కూర్చుని చేత్తో మేకుల చుట్టూ దారం తిప్పుతూనే, నోటితో ఆ ఇద్దరినీ చుట్టాలను చేసేస్తుంది. ఒకసారి నేను ఇంటి ఓనర్‌తో కిరాయి గురించి గట్టిగా మాట్లాడి వచ్చేసరికి, ఆయన నాకు మేనమామ వరుస అవుతాడని తేల్చింది. మరునాడు వెళ్లి కాళ్లకు మొక్కాల్సి వచ్చింది.

ఆమెకు పోటీగా కంప్యూటర్ వచ్చింది. కుల సంఘం కార్యదర్శి శివకుమార్, రిటైరైన లెక్కల సారు, రెండేళ్లు ఊళ్లు తిరిగి నలభై వేల మందిని అందులోకి ఎక్కించాడు. ఎవరు ఎవరి బిడ్డ, ఎవరు ఎవరి పెనిమిటి, అంతే. రెండు పేర్లు కొడితే వాళ్ల మధ్య ఉన్న అన్నిటికంటే దగ్గరి తొవ్వ పట్టుకుని వరుస చెబుతుంది. అందులో సగం పేర్లు నెలరోజులు కూర్చుని బిక్షమ్మ చెప్పినవే. ఆ సంగతి శివకుమార్ మీటింగుల్లో చెప్పడం మరిచిపోయేవాడు.

చిట్యాలలో ఉండే ఆమె మేనల్లుడు అమరేందర్‌కు హరిత ఒక్కతే కూతురు. హైదరాబాద్‌లో తనతో పనిచేసే నారాయణపేట అబ్బాయి నవీన్‌కుమార్‌ను చేసుకుంటానంది. కులం కలిసింది, గోత్రాలు వేరు. ముహూర్తం పెట్టుకున్నారు. వాళ్లు మనకేమవుతారని అమరేందర్ అడిగితే బిక్షమ్మ దారం మీంచి తల ఎత్తకుండా, "మనకేం గారు. కొత్త సుట్టరికం" అంది. జీవితంలో మొదటిసారి ఇద్దరి మధ్య ఏమీ లేదన్నది. మాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పత్రికలు అచ్చుకిచ్చే ముందు అమరేందర్ సరదాకి ఆ రెండు పేర్లు కంప్యూటర్‌లో కొట్టించాడు. హరిత అమ్మమ్మ తల్లి, నవీన్ అమ్మమ్మ తల్లి అక్కాచెల్లెళ్ల బిడ్డలట. అంటే తల్లులిద్దరూ అక్కాచెల్లెళ్ల వరుస, పిల్లలు అన్నాచెల్లెళ్లు. పెళ్లి ఆగిపోయింది. హరిత రెండు రోజులు అన్నం ముట్టలేదు. అమరేందర్ ఆ పిల్లను వెంటబెట్టుకుని పోచంపల్లి వచ్చాడు.

శివకుమార్‌ను కూడా పిలిపించారు. డబ్బా అబద్ధం ఆడదని ఆయన పదేపదే అన్నాడు. బిక్షమ్మ హరిత మొహం చూసి చేతిలో దారం ఆపింది.

"సారూ, నీ డబ్బల ఒక మనిషిని ఎక్కియ్యలేదు. రాసుకో. నారాయణపేట నర్సింహ పెండ్లాం, బిక్షమ్మ."

"ఏ బిక్షమ్మ?"

"గీ బిక్షమ్మనే."

పదిహేడేళ్లప్పుడు నారాయణపేటలో ఇచ్చారట. మూడు నెలలే. నర్సింహ మంచివాడే గానీ రోజుకు రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాడు. చుట్టుపక్కల ఎవరు ఎవరికేమవుతారో అడిగినా చెప్పేవాడు కాడు. ఉండలేక వచ్చేసింది. తరువాత పోచంపల్లిలో మారు మనువు. ఈ సంగతి తెలిసిన రెండో పెనిమిటీ, అన్నా పోయారు. యాభై ఐదేళ్లుగా ఇరవై వేల మంది గుట్లు విప్పిన మనిషి, ఈ ఒక్కటీ కడుపులో దాచుకుంది.

ఆ నర్సింహ నవీన్ తాతకు తమ్ముడు. అంటే బిక్షమ్మ నవీన్ తండ్రికి చిన్నమ్మ, అమరేందర్‌కు మేనత్త. ఆ ఇద్దరూ బావా బామ్మర్దులు, పిల్లలు బావా మరదలు.

శివకుమార్ ఎక్కించాడు. ఆ తొవ్వ మొదటిదానికంటే ఒక మెట్టు దగ్గర. అబద్ధం ఆడని కంప్యూటర్ ఒక్క క్షణం ఆలోచించి, అన్నాచెల్లెళ్లను బావామరదళ్లను చేసింది.

"మొదటి తొవ్వ కూడా నిజమే కద, పెద్దమ్మా" అన్నాడు శివకుమార్ నీరసంగా.

"నిజమే. అన్ని తొవ్వల లెక్కన పోతే ఊర్ల ఒక్క పెండ్లి కాదు సారూ."

ఇప్పుడొక ఇబ్బంది. నారాయణపేట నుంచి పోచంపల్లికి ఎవరి పేర్లు కొట్టినా చాలామందికి తొవ్వ ఆ మూడు నెలల కాపురం మీంచే పోతుంది. ఆడవాళ్లు, ఫోన్లలోకి కూడా వచ్చిన ఆ లెక్క చూసుకుని నోరు నొక్కుకుంటున్నారు. బిక్షమ్మ అదేమీ కనిపించనట్టే ఆసు పోసుకుంటుంది.

పెళ్లిలో మొదటి వరుసలో ఒక ముసలాయన మాటాపలుకూ లేకుండా కూర్చున్నాడు. ఆయన నీకేమవుతాడని హరిత స్నేహితురాలు రూప, తెలియక, బిక్షమ్మను అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు అక్షింతలు పట్టుకుని చెవులు రిక్కించారు.

బిక్షమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. "నా మేనల్లుని అల్లునికి చిన్నతాత" అంది.

అంత చుట్టుతొవ్వ ఆమె ఎన్నడూ నడవలేదు.