మైసన్న ఓడించిన కప్పు

మైసన్న నోటి నుంచి "గెలుస్తం" అన్న మాట విన్నవాళ్లు ఎల్లారెడ్డిలో లేరు, కామారెడ్డిలో లేరు, మధ్యలో ఆయన సెవెన్ సీటర్ ఆటో ఎక్కి దిగేవాళ్లలోనూ లేరు. ఆయనకు వచ్చిన మాట ఒక్కటే: "ఖతమ్!" టాస్ వేయకముందే ఖతమ్. ఆట మొదలైతే సగం ఖతమ్. ఎప్పుడైనా వాన పడి ఆట ఆగిపోతే, "ఆగింది గాబట్టి బచాయించినం, లేకుంటే ఖతమే" అని ఊపిరి పీల్చుకునేవాడు.

ఇంతకూ ఏ ఆట అంటారా? ఇండియా ఆట అనుకుంటే పొరపాటే. 2011లో ఇండియా ప్రపంచ కప్పు గెలిచి ఊరూరా పటాకులు పేలుతుంటే, మైసన్న మాత్రం "గది సరే, మనోళ్ల సంగతేంది?" అని దిగాలుగా కూర్చున్నాడు. మనోళ్లు అంటే గల్ఫ్‌లో ఒక చిన్న దేశం జట్టు. మైసన్న అక్కడ కొన్నేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని 2009లో తిరిగొచ్చాడు. అటువంటి చిన్న దేశాలు నాలుగైదు చేరి అప్పుడప్పుడు ఇరవై ఓవర్ల కప్పు ఒకటి ఆడుకునేవి. టీవీలో రాదు, పేపర్లో రాదు. ఆడేవాళ్లలో చాలామంది బతుకుదెరువుకు పోయినవాళ్లే. వారమంతా గోదాముల్లో సరుకు మోసి, సెలవునాడు ఆ దేశం అంగీ తొడుక్కుని బ్యాటు పట్టేవాళ్లు. కొన్నేళ్లు అక్కడ ఉంటే చాలు, జట్టులో చోటు ఇస్తారట.

అలా చోటు దొరికినవాడే రూప్లా. గాంధారి దిక్కు తండాలో కేస్లికి ఒక్కగానొక్క కొడుకు. వాళ్ల నాయన భీమ్‌సింగ్ కూడా గల్ఫ్‌కే పోయాడు. ఆయనకు అక్కడ జబ్బు చేస్తే, "ఏం గాదు, మంచిగైతడు, వస్తడు" అని తండా అంతా కేస్లికి నవ్వు మొహాలతో చెప్పింది. చివరికి శవపెట్టె వచ్చింది. ఆ తర్వాత కొడుకూ అదే దారి పట్టాడు. కొడుకు కాళ్లూ చేతులూ బాగుండి ఇల్లు చేరితే చాలు, కేస్లికి ఇంకో కోరిక లేదు.

ఈ సంగతులన్నీ జోయల్‌కు తెలుసు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర జోయల్‌ది ఫోన్లు రిపేరు చేసే డబ్బా కొట్టు. కప్పు జరిగే రోజుల్లో మైసన్న ఆటో పక్కకు పెట్టి ఆ కొట్టు ముందున్న బెంచీ మీదే మకాం వేసేవాడు. గల్ఫ్ నుంచి ఫోన్ చేసి స్కోరు చెప్పాలంటే జేబు ఖాళీ అవుతుంది. అందుకని మిస్డ్ కాల్ ఏర్పాటు ఒకటి ఉండేది. ఒకప్పుడు మైసన్నతో పనిచేసి, ఇంకా అక్కడే ఉన్న బాబూలాల్ మైదానం నుంచి ఒక్క రింగిచ్చి కట్ చేస్తే మనోళ్ల వికెట్ పోయినట్టు. రెండు రింగులైతే ఫోరో సిక్సో. ఆగకుండా మోగితే ఆట అయిపోయినట్టు, అప్పుడు ఎత్తి మాట్లాడాలి.

ఏర్పాటు బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మైసన్నది ఆటో. తాడ్వాయి నుంచీ లింగంపేట నుంచీ కిరాయికి పిలిచేవాళ్లు కూడా మిస్డ్ కాలే ఇస్తారు, అదీ ఒక్క రింగే. మైసన్నకు చత్వారం. ఏ నంబరో చూడడు.

"జోయల్! ఇంకోటి పోయింది. ఖతమ్!"

"అన్నా, ఇప్పటికి పదమూడు పోయినయి. క్రికెట్ల పది వికెట్లే ఉంటయి."

"గందుకే గదా ఖతమంటున్న! మనోళ్లు పదికి గూడ ఆగుతలేరు!"

అటు లింగంపేటలో పెళ్లివాళ్లు ఆటో కోసం ఎండలో నిలబడి మైసన్నను తిట్టిపోస్తుంటే, ఇటు ఈయన మనోళ్ల కోసం తలపట్టుకుని కూర్చునేవాడు. భార్య రుక్మాబాయి తిండికి పిలిస్తే, "గంతమంది ఔటైనంక బువ్వ ఎట్ల దిగుతది?" అనేవాడు. ఇంత నిరాశను ఒక్క మనిషి ఎలా మోస్తున్నాడా అని జోయల్‌కు ఒక్కోసారి భయం కూడా వేసేది.

అది కూడా సహించవచ్చు. జోయల్‌కు ఒళ్లు మండేది కేస్లి విషయంలో. ఆమె కామారెడ్డిలో ఒక రైసుమిల్లులో కూలికి పోతుంది. పొద్దున మైసన్న ఆటోలోనే పోవాలి. జోయల్ సామాను కోసం కామారెడ్డి పోయినప్పుడల్లా వెనక సీట్లో కూర్చుని ఆ సంభాషణ వినేవాడు.

"మైసన్నా, రూప్లా ఏం చేసిండే నిన్న?"

"ఏం చేస్తడు చెల్లె? సున్నా. మొదటి బంతికే ఔట్."

"దెబ్బ గిట్ల తగిలిందా?"

"దెబ్బ తగలాలంటే ఆడాలె గదా! ఆడకముందే ఔట్. ఖతమ్."

కేస్లి కొంగు మొహం మీదికి లాక్కుని అటు తిరిగేది. పాపం, ఏడుస్తోంది అనుకునేవాడు జోయల్. ఆమె దిగాక మైసన్నను నిలదీసేవాడు.

"ఒక్క దినమన్న మంచి మాట చెప్పరాదే? ఆ తల్లి పానం ఎంత కొట్టుకుంటదో!"

"లేని మంచి యాడికెల్లి తేవాలె తమ్మీ?" అని మైసన్న గేరు మార్చేవాడు.

అలా ఓడుతూ ఓడుతూనే 2013 వచ్చింది. ఆ ఏడు కప్పులో మనోళ్లు ఎలాగో ఫైనల్ దాకా చేరారు. ఫైనల్ జరిగే శుక్రవారం మైసన్న పొద్దుననే బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఫోను మోగుతూనే ఉంది. ఒక్క రింగు. రెండు రింగులు. మళ్లీ ఒక్కటి. ఏది బాబూలాలో, ఏది కిరాయో దేవుడికే తెలియాలి. మైసన్న ఖతమ్, ఖతమ్ అంటూ బెంచీ చివరికి జరిగి జరిగి కింద పడబోయాడు. అప్పుడు ఫోను ఆగకుండా మోగింది. ఆయన ఎత్తి, "జోయల్‌కు చెప్పు" అని దాన్ని అతనికి అందించాడు. జోయల్ స్పీకర్ పెట్టాడు.

"గెలిచినం!" బాబూలాల్ కేక బస్టాండంతా వినిపించింది. "రూప్లా ఆఖరు దాకా నిలవడ్డడు. ఆఖరు బంతికి సిక్స్! ఈ కప్పుల ఆయనే అందరికన్న ఎక్కువ కొట్టిండు. మొన్న యాభై కొట్టిండని మైసన్నకు చెప్పిన గదా, నీకు చెప్పలేదా?"

జోయల్ తెల్లబోయి మైసన్న వైపు చూశాడు. మొన్న రూప్లా సున్నా అని తన ముందే కేస్లికి చెప్పాడు ఈయన! కానీ మైసన్న వినే స్థితిలో లేడు. "ఖ... ఖ..." అని రెండుసార్లు మొదలుపెట్టి, ఆ మాట రాక, మెడలోని తువ్వాల తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత తువ్వాల దించి లేచాడు.

"పోదాం పా, కామారెడ్డికి. చెల్లెకు నేనే చెప్త. నువ్వు నోరు తెర్వకు."

జోయల్‌కు మండిపోయింది. ఇంత గెలుపును కూడా ఈ పాడు నోటితో ఖతమ్ చేస్తాడా? ఈసారి సాగనివ్వకూడదు. కామారెడ్డిలో దిగి, మైసన్న ఆటోకు చోటు వెతుక్కునేలోపు, అరకిలో జిలేబీ కట్టించుకుని రైసుమిల్లులోకి పరుగెత్తాడు. కేస్లి కళ్లంలో వడ్లు ఆరబోస్తోంది. జోయల్ ఆమె ముందు నిలబడి, చెవుల దాకా నవ్వుతూ, పొట్లం విప్పాడు.

"అవ్వా, ఓ ముచ్చట చెప్తా. ముందుగాల ఇది తిను. తిన్నంకనే చెప్త."

కేస్లి చేతిలోని పార కింద పడింది.

జోయల్ చేసిన తప్పు ఏమిటో ఆ వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చావు కబురు తెచ్చినవాళ్లు ముందు ఇంత తినిపించి ఆ తర్వాత చెబుతారు, విన్నాక మనిషి ముద్ద ముట్టదని. భీమ్‌సింగ్ చావు కబురు వచ్చిన రోజు కూడా కేస్లికి ఇలాగే నవ్వుకుంటూ వచ్చి బలవంతంగా బువ్వ పెట్టారు.

"నా కొడుకా! రూప్లా!" అని ఆమె వడ్ల మీద కూలబడిపోయింది.

"అయ్యో, గట్ల గాదవ్వా! మంచిగున్నడు! గెలిచిండ్రు! సిక్స్ కొట్టిండు!"

"గప్పుడు గూడ మంచిగున్నడనే చెప్పిండ్రు బిడ్డా!"

జోయల్ ఎంత మంచి చెబితే ఆమె ఏడుపు అంత పెరిగింది. మిల్లులో వాళ్లంతా చేరారు. ఒకామె అప్పుడే నీళ్లు తెచ్చి కేస్లి మొహం మీద చల్లుతోంది. జోయల్ చేతిలో జిలేబీ, ఎదురుగా శోకాలు, ఏం చెయ్యాలో తెలియక తనకూ ఏడుపొచ్చింది.

అప్పుడు వచ్చాడు మైసన్న. ఆముదం తాగిన మొహంతో, తువ్వాల నెత్తికి చుట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఏం చెప్పాలె చెల్లె. ఇజ్జత్ పోయింది. ఖతమ్."

ఏడుపు టక్కున ఆగింది. "ఏమైంది మైసన్నా?"

"ఏమైతది? మొదటి బంతికే ఔట్. చేతికొచ్చిన క్యాచ్ ఇడిసిండు. అందరు తిట్టిండ్రు."

"ఔటైండా? మరి అటెన్క?"

"అటెన్క ఏముంది? నీడకు పోయి కూసున్నడు. నీళ్లు తాగిండు."

"బంతి తగల్లే?"

"బంతి ఆయన దిక్కే రాలే!"

కేస్లి గుండెల నిండా గాలి పీల్చింది. కళ్లు తుడుచుకుని కొంగు మొహం మీదికి లాక్కుంది. ఈసారి జోయల్ ఎదురుగా ఉన్నాడు కాబట్టి కనిపించింది. కొంగు వెనక ఆమె నవ్వుతోంది. ఇన్నాళ్లూ ఆటోలోనూ ఇలాగే నవ్వింది.

"గట్ల చెప్పు," అని ఆమె జిలేబీ అందుకుంది. "ఈ పిలగాడేమో ఏందేందో చెప్పి పానం తీసిండు."

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన గెలుపును మైసన్న అలా మిల్లు వాకిట్లో ఓటమి కింద రాసిచ్చేశాడు. జోయల్‌కు ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది, నెత్తిన ఒకటి మొట్టాలనీ అనిపించింది.

ఇంతలో మైసన్న ఫోను మోగింది. రూప్లాయే. ఎత్తి, "మీ అవ్వకు ఇస్తున్న" అంటూ జోయల్ స్పీకర్ పెట్టాడు.

"యాడీ!" తండాలో తల్లిని అలాగే పిలుస్తారు. "యాడీ, ఇయ్యాల..."

"క్యాచ్ ఇడిసినవట ఏందిరా?" కేస్లి గదమాయించింది. "నీళ్లు తాగినవా? నీడకు కూసున్నవా?"

అవతల అతని వెనక ఎవరో డప్పులు కొడుతున్నారు, రూప్లా పేరు అరుస్తున్నారు.

"యాడీ, పక్కన మైసన్న ఉన్నడా?"

"ఉన్నడు."

"అయితే ఇడిసిన యాడీ. ఎండకు కండ్లు కనవడలే." రూప్లా గొంతులో నవ్వు ఆగడం లేదు. "మైసన్నకు శనార్తి చెప్పు. వచ్చే నెల సెలవు మీద వస్తున్న."

తిరుగు దారిలో జోయల్ ముందు సీట్లో, మైసన్న పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఏదో అడగాలనుకున్నాడు గానీ, మైసన్న దారి పొడుగునా చిన్నగా ఈల వేస్తుంటే అడగబుద్ధి కాలేదు. తాడ్వాయి దగ్గర ఎక్కిన పెద్దమనిషి, ఆశన్న, వెనక నుంచి తల ముందుకు పెట్టాడు.

"మైసన్నా, ఇయ్యాల మీవోళ్లది ఫైనలట గదా! ఏమాయె?"

మైసన్న నోరు తెరిచాడు. ఈల ఇంకా పెదవుల మీదే ఉండి, మాట బయటికి రాలేదు. జోయల్ వెనక్కి తిరిగి, పొట్లంలో మిగిలిన జిలేబీని ఆశన్న చేతిలో పెట్టాడు.

"ఏం చెప్పాలె ఆశన్నా," అన్నాడు జోయల్ మొహం వేలాడేసి. "ఖతమ్. అంతా ఖతమ్."