నందిని దాకా వెళ్లొచ్చిన కారు

మొన్న రుఆబాంధాలో మా అమ్మాయి ఇంటి ముందు ఎండ కాచుకుంటూ కూర్చుని ఉంటే, అమ్మాయి తన కారు బానెట్ ఎత్తి, ఇంజను పక్కన బిగించిన చిన్న డబ్బా మూత విప్పి, అందులో చేరినదాన్ని పాత సీసాలోకి వంపింది. ఇంజను వదిలే ఆవిరిలోని నూనెనూ తడినీ పట్టి ఉంచే డబ్బా అట అది. పాలెక్కువైన టీలాగా చిక్కగా జారుతున్న ఆ జిడ్డును, దాని వాసనను ఇన్నేళ్లయినా నేను మరిచిపోలేదు. మా రోజుల్లో పాత కారు కొనుక్కున్నవాళ్లు మీలో ఉంటే మీకూ గుర్తుండే ఉంటుంది.

మేము స్టీలు ప్లాంటువాళ్ల సెక్టర్ 6 క్వార్టర్లో ఉన్నప్పుడు, వీధి వీధంతా సైకిళ్ల మీద డ్యూటీకి పోతున్న కాలంలో, రిటైరై వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర మా ఆయన పాత కారు కొన్నారు. దాని ఇంజను గొట్టంలోంచి నూనె కారి వాకిట్లో ముగ్గు పాడవుతోందని నేను గొణిగితే, ఖాళీ డాల్డా డబ్బాకు కన్నం చేసి, నేను గిన్నెలు తోముకునే స్టీలు పీచు అందులో కుక్కి, ఆ గొట్టం దానికి తగిలించారు. ముగ్గు బాగుపడింది గాని, దూరం తిప్పితే అరిగిపోతుందని ఆయన కారును డ్యూటీకి ప్లాంటు గేటు దాకా తప్ప ఎక్కడికీ తీసేవారు కాదు. ఇంటికి రాగానే దుప్పటి కప్పేసేవారు.

నందినిలో, సున్నపురాయి గనుల కాలనీలో మా అక్క ఉండేది. తుంటి ఎముక విరిగి ఆ యేడు మంచానికే అంటుకుపోయింది. చంటిపిల్లతో బస్సులో వేలాడలేక నేను నెలల తరబడి వెళ్లలేకపోయాను. కారు వాకిట్లోకి వచ్చిన రోజున మొదట తలుచుకున్నది అక్కనే. ఎప్పుడడిగినా ఆయన మాత్రం, "సలి తగ్గనీయే, అప్పుడు సూద్దుము" అనేవారు.

ఆ చలిలోనే ఒక ఆదివారం పొద్దున డబ్బా విప్పి చూసి నన్ను కేకేశారు.

"ఏటే, ఇంజను పోయిందే! నూనిలోకి నీళ్లు దిగిపోనాయి. ఇదిగో సూడు, మజ్జిగలాగుంది!"

ఇంజను లోపల పగిలి రేడియేటర్ నీళ్లు నూనెలో కలిశాయని తీర్మానించుకుని, మర్నాడే వచ్చి తీసుకుపొమ్మని దుర్గ్‌లో పాత ఇనుము కొనే కబాడీవాడికి కబురు పెట్టేశారు. రేడియేటర్లో నీళ్లు చుక్క కూడా తగ్గలేదన్నది ఆ కంగారులో ఆయనకు తట్టలేదు.

కారు పోతే అక్కను ఇక ఎన్నాళ్లకు చూస్తానో అనిపించింది.

"ఎలాగూ పోయిందంటన్నారు కదా, పోయినదానికి ఇంకా భయమేటండీ? ఒక్కసారి మా అక్క కాడికి తీసుకెళ్లండి. దారిలో ఆగిపోతే అక్కడే అమ్మేద్దురు" అన్నాను.

ఆయన డబ్బా దులిపి మళ్లీ బిగించి, తాళాలు తీసుకున్నారు.

అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. నందిని దగ్గరపడిందని మైలురాళ్లు చదివి కాదు, రాతి దుమ్ముతో తెల్లబడిన చెట్లను చూసి గుర్తుపట్టాను. దారంతా ఆయన చెవి ఇంజను మీదే ఉంది, కారు మాత్రం ఎక్కడా ఆగలేదు. నేను అక్క తలకు నూనె రాసి జడ వేస్తుంటే, బయట మా బావ గొంతు వినిపించింది.

"కారు కొన్నావా, కోడిపిల్లని కొన్నావా తమ్ముడూ? బుట్ట కింద మూసుంచుతున్నావట!"

"నన్ను నవ్వించకండి, తుంటి కలుక్కుమంటంది!" అని అక్క లోపలినుంచే అరిచింది.

సాయంత్రం ఇల్లు చేరాక ఆయన డబ్బా విప్పి చూస్తే అడుగున కాస్త నల్లనూనె తప్ప తెలుపన్నది లేదు. దాన్ని వేళ్ల మధ్య రుద్దుకుంటూ నవ్వేశారు. రోజూ ఆ కాస్త దూరమే తిప్పి, ఇంజను వేడెక్కకముందే ఆపేస్తుంటే, లోపలి ఆవిరి చలికి నీరై నూనెతో కలిసి తెల్లగా పేరుకుంటోందట; నందిని దాకా నడిచి ఇంజను బాగా వేడెక్కేసరికి ఆ తడి నిలవలేదని ఆయనే చెప్పారు. రోజల్లా ఫర్నేసు ముందు నిలబడే మనిషి, తన బండికి మాత్రం వేడి తగలకుండా కాపాడుకున్నారు. మర్నాడు కబాడీవాడికి చాయ్ ఇచ్చి పంపేశాము. ఆపైన ప్రతి ఆదివారం నందిని వెళ్లాము. ఎండాకాలం వచ్చేసరికి అక్క కర్ర పట్టుకుని వాళ్లింటి గేటు దాకా రాగలిగింది.

ఇప్పుడు అక్కా బావా లేరు, మా ఆయనా లేరు. అమ్మాయి కారు కూడా ఇంటికీ ఆఫీసుకీ మధ్యనే తిరుగుతుంది కాబట్టి, వారానికొకసారైనా దూరం తిప్పమని మెకానిక్ చెప్పాడట. "అమ్మా, సండే కహీ దూర్ వెళ్దాం. కహా జానా హై, ఎక్కడికెళ్దామో నువ్వే చెప్పు" అంది. సెక్టర్ 6 నుంచి నందిని దాకా నాకు తెలిసిన గుమ్మాలన్నీ మనసులో వరసగా తట్టి చూసుకున్నాను. మేము వస్తున్నామని ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పోసే ఇల్లు ఒక్కటీ తోచలేదు.