ఉప్పలయ్య చెప్పని కారణం

ఉప్పలయ్య ఏ వస్తువునైనా బాగుచేస్తాడు. దానికి ఏమైందో మాత్రం చచ్చినా చెప్పడు.

కాజీపేటలో రేడియోల కాలం నుంచి ఈ కంప్యూటర్ల దాకా ఆయన స్క్రూడ్రైవర్ తగలని పెట్టె లేదు. నలభై ఏళ్ళుగా జనం "ఏమైందయ్యా దీనికి?" అని అడుగుతూనే ఉన్నారు. ఆయన నలభై ఏళ్ళుగా ఒకటే జవాబిస్తున్నాడు. "కొంచెం అయింది. ఇగ ఫికర్ లేదు." ఏమిటా కొంచెం? ఎక్కడ అయింది? ఎవరివల్ల అయింది? అది దేవుడికీ ఉప్పలయ్యకీ తెలియాలి. దేవుడైనా గట్టిగా ప్రార్థిస్తే ఏదో ఒక రోజు తెలియజేస్తాడు.

మా పాస్టరు గారు చర్చి మైకుసెట్టు విషయంలో ఆయన్ను అరగంట కూర్చోబెట్టి మెల్లగా, ప్రేమగా అడిగారు. చివరికి "నా సేవలో ఇంత గట్టి గుండెను చూడలేదు" అని లేచి వెళ్ళిపోయారు. ఒక పోలీసాయన తన ఇస్త్రీపెట్టె గురించి తన పద్ధతిలో గద్దించి అడిగాడు. ఇస్త్రీపెట్టె వేడెక్కింది, పోలీసాయన అంతకన్నా వేడెక్కాడు, జవాబు మాత్రం రాలేదు.

ఇలాంటి మనిషికి నాలాంటివాడు ఎదురుపడితే ఎలా ఉంటుందో తెలియాలంటే నా గురించి కొంత చెప్పక తప్పదు. నేను ధర్మసాగర్ బడిలో చదువుకున్నవాణ్ణి. ఏడో తరగతిలో ఉండగా, సారు రాని రోజు ఐదో తరగతికి లెక్కలు చెప్పినవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు రైల్వే సిగ్నల్ విభాగంలో చేసి, ఒక్క ఛార్జిషీటు లేకుండా దిగిపోయాను. నాకిచ్చిన మెరిట్ సర్టిఫికెట్ హాల్లో ప్రభువు పటం పక్కనే ఉంటుంది. దాన్ని రెండంగుళాలు కిందికి దించమని నా భార్య కళావతి పదేళ్ళుగా పోరుతోంది.

రైల్వేలో సిగ్నల్ ఆగితే ఊరికే బాగుచేసి వచ్చేయడం కుదరదు. ఫెయిల్యూర్ రిజిస్టర్లో రాయాలి. ఎప్పుడు ఆగింది, ఏం ఆగింది, కారణం ఏమిటి, బాధ్యులు ఎవరు. కారణం గడి ఖాళీగా ఉంటే నాకు అన్నం సహించదు. అందుకే రిటైరైన మర్నాడే ఇంటికీ ఒక రిజిస్టర్ పెట్టాను. ముందు పేజీల్లో నేను చేసే మెయింటెనెన్స్, వెనక పేజీల్లో ఫెయిల్యూర్లు. బాధ్యుల గడిలో కళావతి పేరు ఇప్పటికి నలభై ఒక్కసార్లు వచ్చింది. నా పేరు ఒక్కసారి కూడా రాలేదు. రాదు. ఎందుకంటే ప్రతి నెలా ఒకటో తారీఖున, కుట్టుమిషన్ నూనె సీసా పట్టుకుని, ఇంట్లో తిరిగేది ఏదున్నా దానికి నాలుగు చుక్కలు వేస్తాను. మా గేటు తెరిస్తే చప్పుడు రాదు. అందుకే మా ఇంటికి చుట్టాలు ఎప్పుడొచ్చారో మాకు తెలియదు.

అలాంటి ఇంట్లో, పోయిన నెల మూడో తారీఖున, కంప్యూటర్ స్పీకర్లు మూగబోయాయి.

ఆ కంప్యూటర్ మా మనవరాలు ప్రీతి హాస్టల్‌కు పోతూ వదిలి వెళ్ళింది. రెండు చిన్న స్పీకర్లు, బల్ల కింద దబదబమనే ఒక పెద్ద డబ్బా. సాయంత్రాలు కళావతి స్త్రీల సమాజం వాళ్ళు పన్నెండు మంది మా హాల్లో చేరి, అందులో సంగీతం పెట్టుకుని పాటలు నేర్చుకుంటారు. చర్చి కోత పండుగ పాటల పోటీలో రెండేళ్ళుగా రైల్వే కాలనీ వాళ్ళ చేతిలో ఓడిపోతున్నారు. ఈసారి ఓడితే బృందం పెద్దగా ఉండనని కళావతి అందరిముందూ అనేసింది. పోటీ ఆదివారం. స్పీకర్లు పోయింది బుధవారం. ఫోన్లో పెట్టి చూశారు. పన్నెండు గొంతుల నడుమ దోమ పాడినట్టుంది.

ముందు నేనే రంగంలోకి దిగాను. ప్లగ్గు తీసి పెట్టాను. వైరు ఇటుది అటు, అటుది ఇటు మార్చాను. కంప్యూటర్లో సౌండ్ మూసి ఉందేమోనని చూశాను. పచ్చ లైటు వెలుగుతోంది, శబ్దం లేదు. అంటే కరెంటు ఉంది, పని లేదు. ఇలాంటి వాళ్ళను ఆఫీసులో చాలామందిని చూశాను.

ఇక మిగిలింది విచారణ. ఆ బల్ల తుడిచేది ఇంటి పనికి వచ్చే మొగిలమ్మ. పిలిచాను.

"మొగిలమ్మా, నిజం చెప్పు. స్పీకర్ కింద పడేసినవా?"

"అయ్యో, నేనెందుకు పడేస్త సారూ?"

"తడి గుడ్డతోని తుడిచినవా?"

"పొడి గుడ్డనే. అమ్మనడుగుండ్రి."

"అయితే ఎట్ల ఖరాబైంది? దానంతట అదే అయితదా? కారణం తేలాలె. ఎవరు చేసిండ్రో వాళ్ళు పాటలోళ్ళు పన్నెండు మంది ముందట నిలబడి ఒప్పుకోవాలె. ఇది నా రూలు."

మొగిలమ్మ చీపురు మూలకు నిలబెట్టింది. "తుడిచిన పాపానికి దొంగనైతిని. మీ రూలు మీకే ఉండనియ్యుండ్రి. రేపటిసంది నేను రాను."

వంటింట్లోంచి కళావతి పరుగెత్తుకొచ్చింది. ఎందుకంటే మొగిలమ్మ వట్టి పనిమనిషి కాదు. పై శ్రుతి అందుకోగల గొంతు ఆ బృందంలో ఆమెదొక్కటే. కళావతి నన్ను చూసిన చూపు రిజిస్టర్లో రాయదగింది కాదు.

"స్పీకర్లు పోయినయి, ఇప్పుడు గొంతు గూడ పోగొడ్తాండ్రు. ఇగో, ఇప్పుడే పోయి ఉప్పలయ్యను తోల్కరాండ్రి. మొగిలీ, ఉప్పలయ్య వచ్చి చూసేదాక ఆగు. నా మీద ఒట్టు."

ఉప్పలయ్య వచ్చాడు. సంచి దించాడు. మంచినీళ్ళు తాగాడు. స్పీకరు చెవికి ఆనించుకుని, లేని శబ్దాన్ని రెండు నిమిషాలు విన్నాడు. ఆ మధ్యలో నేను తుమ్మితే కూడా తప్పు పట్టినట్టు చూశాడు.

"ఏమైంది?" అన్నాను.

"చూస్తాన సారూ."

జేబులోంచి తన పాత ఫోను తీసి దానికి తగిలించాడు. శబ్దం లేదు. వైరు మార్చాడు. లేదు. వాల్యూం గుండీ పట్టుకుని తిప్పాడు. ఆగాడు. వేళ్ళు ఒకదానికొకటి రాసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. తర్వాత సంచి చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ మొగిలమ్మను చూశాడు.

"దొరికిందా? ఏమైంది?"

"కొంచెం అయింది సారూ."

"ఆ కొంచెం ఏందో చెప్పవయ్యా! నేను రాసుకోవాలె!"

"ముందుగాల ఒక ఫ్యూజు గావాలె. హన్మకొండ చౌరస్తాలనే దొరుకుతది. జర మీరే పోయి తెస్తరా? వేరేటోళ్ళకు చెప్తే తప్పుది తెస్తరు."

ఆ చివరి మాటలో న్యాయం ఉంది. ఆటో ఎక్కి పోయాను. నాలుగు షాపులు తిరిగి, కొలత సరిచూసి, రెండింటిలో గట్టిది ఎంచి తెచ్చాను. నేను గేటు తెరిచేసరికి లోపల స్పీకర్లు దద్దరిల్లుతున్నాయి. బల్ల మీద నల్లబడిన దూది ఉండలు, స్పిరిట్ వాసన. ఉప్పలయ్య నా చేతిలోంచి ఫ్యూజు భక్తిగా తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"పెట్టవా?"

"ఉండనీ సారూ, పనికొస్తది."

నాకు ఒళ్ళు మండిపోయింది. రిజిస్టర్ తెచ్చి ఆయన ముందు పరిచాను. "ఉప్పలయ్యా, నలభై ఏండ్లు ఊరంత ఊకున్నది. నేను ఊకోను. కారణం చెప్పేదాక నువ్వు కదిలేది లేదు, మొగిలమ్మ కదిలేది లేదు. ఆమెనే చేసిందని రాయాల్నా?"

మొగిలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఉప్పలయ్య రిజిస్టర్ చేతిలోకి తీసుకుని, నిదానంగా ముందు పేజీలు తిప్పి చూశాడు. ఒకచోట ఆగాడు. మూసేశాడు. అప్పుడు, కాజీపేట చరిత్రలో మొట్టమొదటిసారి, ఉప్పలయ్య కారణం చెప్పాడు.

"రాసుకోండ్రి సారూ. తప్పు నాది. పోయినేడు ప్రీతి బిడ్డ తెస్తే నేను ఏసిన సోల్డరింగ్ ఊడింది. కచ్చా పని చేసిన. మొగిలమ్మది ఏం లేదు."

నా ఆనందం ఏమని చెప్పను! కారణం గడి నింపాను. బాధ్యుల గడిలో ఆయన పేరు రాసి సంతకం పెట్టించుకున్నాను. తర్వాత పని నాణ్యత గురించి పావుగంట మాట్లాడాను. తొంభై రెండులో కుండపోత వానలో నేను వేసిన ఒక జాయింటు నేను రిటైరయ్యేదాకా ఊడలేదని సోదాహరణంగా వివరించాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. వెళ్ళేముందు "సరే సారూ, ఇగ ఫికర్ లేదు" అన్నాడు. మొగిలమ్మ సంచి దించి చీపురందుకుంది. ఆ సాయంత్రం పై శ్రుతి మా పెంకులు లేపింది. ఆదివారం కోత పండుగలో మొదటి బహుమతిగా ఇచ్చిన గుమ్మడికాయను నేనే మోసుకొచ్చాను.

కథ ఇంతటితో అయిపోయి ఉంటే నా రికార్డు నిలిచేది. కానీ మళ్ళీ ఒకటో తారీఖు వచ్చింది.

కుట్టుమిషన్ సొరుగు లాగి నూనె సీసా తీశాను. దానికి నల్ల ఇన్సులేషన్ టేపుతో ఒక కాగితం ముక్క చుట్టి ఉంది. దాని మీద వంకర అక్షరాలు. ఆ చేతిరాత నా రిజిస్టర్లో ఉన్న ఉప్పలయ్య సంతకానిదే. నన్ను ఫ్యూజుకు పంపి చుట్టాడన్నమాట.

"కుట్టుమిషన్‌కు మాత్రమే."

రిజిస్టర్ ముందు పేజీలు తిప్పాను. పోయిన నెల ఒకటో తారీఖు, నా ముత్యాల్లాంటి అక్షరాలు. "స్పీకరు వాల్యూం గుండీ తిప్పితే గరగర. నాలుగు చుక్కలు వేయడమైనది. ఫలితం సంతృప్తికరం." రెండు రోజులకు మూగబోయింది. ఉప్పలయ్య ఆ రోజు ఆగింది ఈ పేజీ దగ్గరే. అంతా చదివి, మూసి, తప్పు తన పేరు మీద రాయించుకుని, పైగా పావుగంట నా ఉపన్యాసం విన్నాడు!

నేను పెట్టిన రూలు నాకూ వర్తిస్తుంది. ఆ సాయంత్రం పన్నెండు మంది ముందు నిలబడి చెప్పాను. "మొగిలమ్మా, నువ్వు కాదు. నూనె పోసింది నేను."

"నాకెర్కే సారూ," అంది మొగిలమ్మ. "ఆ గుండీ తుడిస్తే నా గుడ్డంత జిడ్డయింది."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలే?"

"మీరు అడిగిండ్రా? నన్నే అన్నరు."

పన్నెండు మందీ ఒకే శ్రుతిలో నవ్వారు. అంత చక్కగా పోటీలో కూడా కలవలేదు. కళావతి అయితే సర్టిఫికెట్ కేసి చూసి మరీ నవ్వింది. మర్నాడు పొద్దున దాన్ని రెండంగుళాలు కిందికి నేనే దించాను.

రిజిస్టర్లో ఉప్పలయ్య పేరు కొట్టేసి, నా పేరు రాసి, ఆయన సంతకం కోసం షాపుకు తీసుకెళ్ళాను. అక్కడ ఒక మిక్సీ విప్పి ఉంది. ఎదురుగా ఒక పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆమె వెనక కోడలు, పెళ్ళయి నెల కూడా అయినట్టు లేదు, కొంగు కొన వేలికి చుట్టి విప్పుతోంది. ఉప్పలయ్య మిక్సీలోంచి ఏదో తీసి, గుప్పిట మూసి, బల్ల కిందికి జారవిడిచాడు. నేను నిలబడ్డ చోటికి కనిపించింది. వంకర తిరిగిన స్టీలు చెంచా.

"ఏమయ్యా, ఏమైంది దీనికి?" పెద్దావిడ గొంతు పెంచింది. "కొత్తది కొని ఇంక ఆర్నెల్లు కాలే. ఎవరు ఖరాబు చేసిండ్రో నాకు తెల్వాలె!"

కోడలు కొంగు కొన మళ్ళీ వేలికి చుట్టింది. ఉప్పలయ్య నోరు తెరవబోయాడు. ఆయనకంటే ముందు నేనే అన్నాను.

"కొంచెం అయిందమ్మా. ఇగ ఫికర్ లేదు."